మూడు డిగ్రీల ఆలస్యం

"ఆ పళ్లెం పైకి వెళ్లిందంటే నేనీ ఇంట్లో ఒక్క క్షణం ఉండను!"

అన్నదే గానీ అత్తగారు గుమ్మం వైపు ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. తిన్నగా మేడమెట్ల దగ్గరికి వెళ్లి, సరిగ్గా మధ్య మెట్టు మీద చతికిలబడింది. పై వాటాలో పెద్దకొడుకు, కింది వాటాలో చిన్నకొడుకు, ఇద్దరికీ కలిపి కింద ఒకటే వంటిల్లు. ఈ ఇంట్లో ఎవరు అలిగినా ఆ మెట్టు దాటే అలగాలి. అందుకే తగాదా వచ్చినప్పుడల్లా ఆవిడ మకాం అక్కడికి మారుతుంది.

పళ్లెం పట్టుకుని నిలబడింది పెద్దకోడలు. అందులో రొట్టె, ఉడికించిన గుడ్డు, పొగలు పోతున్న కాఫీ ఉన్నాయి.

"మరేం చెయ్యమంటారు అత్తయ్యా? ఆయన దిగి రానంటున్నారు. పస్తు పెట్టమంటారా?"

"పెట్టు. కడుపు కాలితే వాడే దిగొస్తాడు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా, వాడి అలక ఆకలి ముందు నిలిచింది లేదు."

"మొన్నటి నుంచీ నిలిచింది కదండీ," అంది పెద్దకోడలు, ఓరకంట వంటింటి వైపు చూస్తూ.

వంటింట్లో చిన్నకోడలు కడిగిన కప్పునే మళ్లీ కడుగుతోంది. ఆ ఓరచూపు తనకేనని వెనక్కి తిరక్కుండానే తెలిసింది. తెలియక ఏం చేస్తుంది, ఈ గొడవంతా తన నోటి నుంచి జారిన ఒక్క మాటతోనే మొదలైందాయె!

ఆమె ఉద్యోగం ఇంజిన్ల ఫ్యాక్టరీలో. ఇంకా పుట్టని ఇంజిన్‌లో పెట్రోలు ఎలా మండుతుందో ముందే చెప్పడం ఆమె పని. ఇనుము కోయరు, పోత పొయ్యరు, కాగితం మీద బొమ్మ మాత్రమే ఉంటుంది. ఆ బొమ్మ చూసి, కంప్యూటర్‌లో లెక్క కట్టి, మంట ఎంత వేగంగా పాకుతుందో, ఎక్కడ తేడా కొడుతుందో చెప్పాలి. ఫ్యాక్టరీలో ఆమెకి 'జోస్యం మేడమ్' అని పేరు పెట్టారు. ప్రేమతో పెట్టారని అనుకోవడం ఆమె మంచితనం.

ఆ ఫ్యాక్టరీలోనే ఇంజిన్ల బొమ్మ గీసే పెద్ద డిజైనరు ఎవరో కాదు, ఆమె బావగారే. ఆమె చేతికి మొదటిసారి స్పానరిచ్చి ఇంజిన్ విప్పించింది ఆయన. లెక్కల సెక్షన్ పెట్టమని డైరెక్టరుతో పోట్లాడిందీ ఆయనే. అలాంటి మనిషి గీసిన కొత్త పిస్టన్ గురించి నిండు మీటింగ్‌లో, "ఇది పెడితే నాకింగ్ వస్తుంది బావగారూ," అనేసింది. ఆఫీసులో ఆయన్ని సార్ అనాలి. ఆ సంగతి నోరు జారాక గుర్తొచ్చింది. గదంతా గొల్లున నవ్వింది.

నాకింగ్ అంటే ఇంజిన్‌కి పెద్ద జబ్బు. స్పార్క్ పడ్డ చోట అంటుకున్న మంట, సిలిండర్‌లో ఈ మూల నుంచి ఆ మూలకి ఒక పద్ధతిగా పాకాలి. మంట ఇంకా చేరకముందే, అవతలి మూల నలిగి వేడెక్కిన గాలీ పెట్రోలూ తమంతట తామే భగ్గుమంటే, ఇంజిన్ లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు టకటకమంటుంది. కొన్నాళ్లు అలా కొట్టుకుంటే పిస్టన్‌కి చిల్లే.

సరే, మొన్న ఆ పిస్టన్ పెట్టి ఇంజిన్ తిప్పి చూశారు. టక్కూ లేదు, టిక్కూ లేదు. పిల్లి నడిచినంత నెమ్మదిగా నడిచింది.

డైరెక్టరు అప్పటికప్పుడే తేల్చేశాడు. శుక్రవారం సాయంత్రం ఆ పిస్టన్ బొమ్మ పోతకి వెళ్తుంది. అదే సాయంత్రం లెక్కల సెక్షన్‌కి తాళం పడుతుంది. ఇక మీదట పాత పద్ధతే. కొయ్యడం, కాల్చి చూడడం, పగిలితే మళ్లీ కొయ్యడం.

ఇవాళ శుక్రవారం.

"గెలిచింది ఆయన. అలిగిందీ ఆయనే. ఇదెక్కడి న్యాయం?" అన్నాడు చిన్నకొడుకు, టై సరిచేసుకుంటూ వంటింట్లోకి వచ్చి. ఆయన పళ్ల డాక్టరు. "నా దగ్గరికొచ్చేవాళ్లంతా రాగానే నోరు తెరుస్తారు. ఈ ఇంట్లో మాత్రం ఒక్కళ్లూ తెరవరు."

"మీకు వేళాకోళంగా ఉంది," అంది ఆమె. "సాయంత్రానికి నా కుర్చీ ఉండదు. ఆ సంగతి పట్టిందా?"

"పట్టబట్టే ఇంకా ఇక్కడున్నాను. ఏడవాలనుంటే ఏడువు, ఎవరూ ఏమనరు. ఆ కప్పుని మాత్రం వదిలెయ్. రంగు పోతోంది."

ఆమె కప్పు బోర్లించింది. ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

"నా లెక్క తప్పలేదండీ. ఎన్నిసార్లు చూసినా అక్కడే వస్తోంది. ఆ ఇంజిన్ ఎందుకు కొట్టుకోలేదో నాకు అర్థం కావట్లేదు."

"ఆ మాట ఇంకోసారి అనకు," మెట్ల దగ్గర్నుంచి పెద్దకోడలి గొంతు లేచింది. "నీ లెక్క తప్పలేదంటే ఈయన పిస్టన్ తప్పనేగా? నెగ్గినవాడు నెగ్గానని సంతోషపడ్డాడా? అదీ లేదు! కిటికీ దగ్గర కూచుని ఒకటే గొణుగుడు. లాగాల్సినంత లాగలేదు, లాగాల్సినంత లాగలేదు అని. నిద్రలో కూడా అదే. ఏం లాగాలో, ఎవర్ని లాగాలో నాకేం తెలుసు!"

చిన్నకోడలు చేతులు తుడుచుకుంటున్నది ఆగిపోయింది.

"ఏమన్నావక్కా?"

"ఏమన్నాను? ఉన్నమాటే అన్నాను."

"అది కాదు. లాగలేదని బావగారన్నారా?"

"అంటే ఏం, అదీ తప్పేనా?"

సమాధానం చెప్పే ఓపిక ఎవరికుంది? ఆమె రెండంగల్లో మెట్ల దగ్గరికి చేరింది. "అత్తయ్యా, జరగండి."

"జరగను. అటు నుంచి వాడు దిగాలి గానీ ఇటు నుంచి నువ్వెక్కడం ఏవిటి?"

ఆమె అత్తగారి భుజం మీదుగా కాలు వేసి దాటేసింది. ఈ ఇంటి చరిత్రలో ఆ మెట్టుని అలా దాటినవాళ్లు లేరు. 

బావగారు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. గడ్డం గీసుకోలేదు. ఒళ్లో ఇంజిన్ బొమ్మ పరిచి ఉంది, దాని మీద కళ్లజోడు తీసి పెట్టి ఉంది. ఆమె వచ్చిన చప్పుడు విన్నా తల తిప్పలేదు.

"బావగారూ."

ఆయన బొమ్మ అంచు మడత సరిచేసుకున్నారు.

"ఇంజిన్ అనుకున్నంత లాగలేదటగా?"

"ఎవరు చెప్పారు?" అన్నారు.

"ఎవరైతేనేం? నిజమా, కాదా?"

ఆయన కళ్లజోడు తీసి తుడిచారు. తుడిచి పెట్టుకోలేదు. "నిజమే. నాకింగ్ లేదని అందరూ చప్పట్లు కొట్టారు. ఎంత లాగిందో ఒక్కడూ చూళ్లేదు. చాలా తక్కువ లాగింది. పైగా పొగగొట్టం ఎర్రగా కాలిపోతోంది. నా ఇంజిన్ అలా ఉండకూడదమ్మాయ్. నెగ్గానంటున్నారు, నాకు నెగ్గినట్టు లేదు."

 మొన్నటి నుంచీ తన మీద కోపంతో పైన కూర్చున్నారనుకుంది. కోపం కాదు, దిగులు. ఇద్దరూ ఒకే ఇంజిన్ గురించి, ఒకే ఇంట్లో, చెరో అంతస్తులో కూచుని దిగులుపడ్డారన్న మాట!

"నెమ్మదిగా ఉంది, తక్కువ లాగింది, పొగ వేడిగా ఉంది. మూడూ కలిస్తే ఏమిటి బావగారూ? స్పార్క్ ఆలస్యంగా పడింది. అంతే!"

"ఎలా పడుతుంది? చక్రం మూత మీది గుర్తు ప్రకారమే పడింది. పక్కనే నిలబడి చూశాను."

"గుర్తే తప్పయితే?"

ఆ మాటకి ఆయన కుర్చీలోంచి లేచారు.

"ఏం మాట్లాడుతున్నావ్? ఆ గుర్తు ఎవరు పెట్టారో తెలుసా? ఫ్యాక్టరీలో మొదటి ఇంజిన్ తిప్పిన రోజున నా చేత్తో పెట్టాను. ఎర్ర రంగు పూసి! అప్పటి నుంచి అన్ని ఇంజిన్లకీ అదే మూత, అదే గుర్తు. ఇన్నేళ్లలో ఒక్కటి తప్పలేదు. నీ లెక్క తప్పిందని ఒప్పుకోలేక నా గుర్తుకి వంక పెడతావా?"

కింద మెట్ల దగ్గర ముగ్గురూ చెవులు రిక్కించి వింటున్నారని ఇద్దరికీ తెలుసు.

"తిట్టండి," అంది ఆమె.  "మీరు తిడితే నాకేం కొత్త కాదు. కానీ ఒక్కసారి స్పార్క్ లేకుండా, పెట్రోలు లేకుండా, వట్టి గాలితో ఆ ఇంజిన్ తిప్పి చూద్దాం రండి. గుర్తు సరైనదని తేలితే, సెక్షన్‌కి తాళం డైరెక్టరు గారు వెయ్యక్కర్లేదు. నేనే వేసి తాళంచెవి మీ చేతికిస్తాను."

ఆయన ఆమె వంక చాలాసేపు చూశారు. మీటింగ్ తర్వాత తిన్నగా చూడడం అదే మొదలు.

"నడు," అన్నారు.

మెట్లు దిగుతూ, తల్లిని దాటుకుంటూ, పెళ్లాం చేతిలో పళ్లెంలోంచి గుడ్డు తీసుకుని నోట్లో వేసుకున్నారు.

"నే చెప్పలా?" అంది అత్తగారు విజయగర్వంతో.

*

టెస్ట్ గదిలో మందపాటి అద్దానికి అవతల, ఇనప దిమ్మ మీద బోల్టులతో బిగించిన ఇంజిన్ ఉంది. ఒకే సిలిండరు. దాన్ని తిప్పడానికి పక్కనే కరెంటు మోటారు. ఇంజిన్ వెనక తిరిగే చక్రానికి ఒక మూత, ఆ మూత మీద ముల్లు, ముల్లు కింద ఎర్ర గీత. చక్రం మీది సున్నా ఆ గీత దగ్గరికి వస్తే పిస్టన్ కొస పైకి చేరినట్టు లెక్క. స్పార్క్ ఎప్పుడు పడాలో ఆ గీత నుంచే కొలుస్తారు.

ఆ గదికి యజమాని చెవులాయన. ఉద్యోగం టెస్ట్ ఇంజనీరు, పేరు చెవుల వల్ల వచ్చింది. చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఇంజిన్ గుండె చప్పుడు వింటాడు. యంత్రం పట్టుకోలేని నాకింగ్‌ని తన చెవి పట్టుకుంటుందని ఆయన నమ్మకం. చాలామటుకు నిజం కూడా.

"మళ్లీ ఏం తెచ్చారు జోస్యం మేడమ్?" అన్నాడు. వెనకే బావగార్ని చూసి నవ్వు మింగేశాడు.

"వట్టి గాలితో తిప్పు," అన్నారు బావగారు.

మోటారు హోరుమంది. ఇంజిన్ మంట లేకుండా తిరిగింది. తెర మీద ఒత్తిడి గీత కొండలా లేచి దిగింది.

ఆమె ముందుకి వంగింది. "కొండ శిఖరం ఎక్కడుందో చూడండి. వట్టి గాలిని నొక్కితే, పిస్టన్ పైకి చేరడానికి వెంట్రుకవాసి ముందే ఒత్తిడి శిఖరం రావాలి. నలిగిన గాలి వేడి కాస్త గోడలకి పోతుంది గనక. చక్రం తిరిగే కోణంలో ఒక డిగ్రీ కూడా ఉండకూడదు ఆ తేడా. ఇక్కడ దగ్గర దగ్గర నాలుగుంది."

"పిస్టన్‌కి కొత్త రింగులు మేడమ్," అన్నాడు చెవులాయన తేలిగ్గా. "ఇంకా ఒరుసుకోలేదు. గాలి కారుతుంది. కారితే శిఖరం ముందుకొస్తుంది."

"కారితే శిఖరం ఎత్తు కూడా తగ్గాలి కదండీ. తగ్గిందా? నేను లెక్క కట్టిన ఎత్తే ఉంది. చూసుకోండి."

చెవులాయన చూశాడు. మళ్లీ చూశాడు. హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చుకున్నాడు.

"గాలి కారట్లేదు. మన గడియారమే వెనకబడింది," అంది ఆమె. "పిస్టన్ పైకి చేరిపోయినా, ఆ ఎర్ర గీత ఇంకా మూడు డిగ్రీలుందనే అంటోంది. ఆ గీతని నమ్మి స్పార్క్ వేస్తే మూడు డిగ్రీలు ఆలస్యం. ఆలస్యంగా అంటిస్తే ఏ ఇంజిన్ కొట్టుకుంటుంది? నిద్రమొహంతో తిరుగుతుంది."

"అదే మూత, అదే గుర్తు," అన్నాడు చెవులాయన. "అన్ని ఇంజిన్లకీ సరిపోయింది దీనికెందుకు సరిపోదు?"

 గీత తప్పని ఆమెకి తెలుసు, ఎందుకు తప్పిందో తెలీదు. ఎందుకో చెప్పలేకపోతే డైరెక్టరు వినడు. సాయంత్రానికి తాళం పడుతుంది. ఆమె బావగారి వైపు తిరిగింది.

ఆయన అక్కడ లేరు. అద్దం దగ్గర ఉన్నారు. అద్దం మీది దుమ్ములో వేలితో ఒక నిలువు గీత గీశారు. కింద ఒక గుండ్రం చుట్టారు. గుండ్రం మధ్య నుంచి నిలువు గీతకి ఉన్న ఎడం చూస్తూ నిలబడిపోయారు.

"జరిపాను," అన్నారు తనలో తనే.

"ఏమిటి బావగారూ?"

"సిలిండర్ని. ఈ ఇంజిన్‌లో పక్కకి జరిపాను. పాతవాటిలో సిలిండరు, కింద తిరిగే క్రాంకు ఇరుసుకి సరిగ్గా నెత్తిన ఉండేది. పిస్టన్ గోడకి రాసుకుంటోందని ఈసారి బొటనవేలి వెడల్పులో సగం పక్కకి జరిపాను. మొత్తం ఇంజిన్‌లో నేను గర్వపడేది దాని గురించే."  "సిలిండరు పక్కకి జరిగితే, పిస్టన్ పైకి చేరే క్షణమూ జరుగుతుంది. ఆ మాట మొదటి ఏడాది పిల్లాడికీ తెలుసు. నాకు తట్టలేదు. గుర్తు నాది కాబట్టే తట్టలేదు."

"ఎంత జరుగుతుంది?" అడిగాడు చెవులాయన.

ఆయన కళ్లు మూసుకుని నోటిలెక్క కట్టారు. "మూడు డిగ్రీలు. ఆపైన ఓ పిసరు."

 ఆమెకి ఎగిరి గంతెయ్యాలనీ ఉంది, ఏడవాలనీ ఉంది. గంతేస్తే ఆయన మీద వేసినట్టవుతుందని కాళ్లు బిగపట్టుకుంది.

"నిలబడి చూస్తారేం?" బావగారు కోటు విప్పి కుర్చీ మీద పడేశారు. "స్పార్క్ ప్లగ్గు తియ్. కొలిచే గేజీ పట్రా."

ప్లగ్గు కన్నంలోంచి సన్నటి కడ్డీ దింపి, పిస్టన్ నెత్తికి ఆనించారు. చక్రాన్ని చేత్తో తిప్పారు, చంటిపిల్లని నిద్రపుచ్చుతున్నంత నెమ్మదిగా. కొస దగ్గర పిస్టన్ కదలనట్టే ఉంటుంది, అక్కడ చూస్తే మోసపోతాం. అందుకని ఎక్కేటప్పుడు ఒక ఎత్తు దగ్గర, దిగేటప్పుడు అదే ఎత్తు దగ్గర సుద్దతో గీతలు పెట్టి, రెంటికీ మధ్య తీసుకున్నారు. పాత ఎర్ర గీత దానికి మూడు డిగ్రీల దూరంలో, ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది.

ఆయన చాకు తీసి ఆ ఎర్ర గీతని గీకేశారు. రంగు పొట్టు నేల రాలింది. తర్వాత రంగు డబ్బా, కుంచె ఆమె చేతికిచ్చారు.

"నువ్వు పెట్టు."

"నేనెందుకు బావగారూ? మీరే..."

"పెట్టమన్నానా!"

ఆమె పెట్టింది. 

ఈసారి నిప్పుతో తిప్పారు. ఇంజిన్ గొంతే మారిపోయింది. మొన్న మూలిగిన ఇంజిన్ ఇవాళ గర్జించింది. స్పార్క్‌ని ఒక్కో డిగ్రీ ముందుకి జరుపుతూ పోయాడు చెవులాయన. ఆమె లెక్కలో నాకింగ్ వస్తుందని ఎర్ర చుక్క పెట్టి ఉన్న చోటికి చేరాడు. అంతే, టక్, టక్, టకటకటక!

చెవులాయన హెడ్‌ఫోన్లు లాగేశాడు. వాటి అవసరమే లేదు, అద్దం అవతలికి కూడా వినిపిస్తోంది. ఆ పిస్టన్ బావగారిది. ఆమె తల దించుకుంది.

పక్కన పెద్దగా నవ్వు వినపడింది. బావగారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. "కొట్టుకుంటోందే! చెప్పిన డిగ్రీలోనే కొట్టుకుంటోందే! నేను గీసిన పిస్టన్ ఎక్కడ దగ్గుతుందో, కొయ్యకముందే చెప్పిందయ్యా ఈ పిల్ల! ఆపు, ఆపు, పగిలి చస్తుంది. రెండో పిస్టన్ ఏదీ?"

రెండో పిస్టన్ ఆమెది, మీటింగ్‌కి ముందు నమూనాకని ఒక్కటి కోయించి మూల పడేశారు. నెత్తి మీద గుంట లోతు తగ్గించి, గాలి లోపలికి వచ్చేటప్పుడు పల్టీలు కొట్టేలా గీసింది. పల్టీలు కొట్టే గాలిలో మంట పరిగెత్తుతుంది. మంట తొందరపడితే నాకింగ్ ఇంకా పెరుగుతుందని మీటింగ్‌లో బావగారు కొట్టిపారేసింది దీన్నే. మంట అంత తొందరగా చేరితే మూలనున్న గాలికి తనంతట తాను అంటుకునే తీరికే ఉండదని ఆమె వాదన. ఆ మాట పూర్తయ్యేలోపే గది నవ్వేసింది.

పిస్టన్ మార్చేసరికి మధ్యాహ్నం దాటింది. భోజనం సంగతి ఎవరికీ గుర్తు లేదు. డైరెక్టరు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చేతిలో సెక్షన్ తాళం కూడా ఉందేమోనని ఆమెకి అనుమానం.

ఇంజిన్ అంటుకుంది. నిండు గొంతుతో, ఎక్కడా తొణక్కుండా తిరిగింది. స్పార్క్‌ని మొదటి పిస్టన్ టకటకమన్న చోటికి జరిపారు. ఏమీ లేదు. దాటించారు. ఏమీ లేదు. ఇంకా దాటించారు. చెవులాయన కళ్లు మూసుకుని, హెడ్‌ఫోన్లు చెవులకి అదిమిపట్టి విన్నాడు. విని, తీసి, బల్ల మీద పెట్టేశాడు.

"నాకిక్కడ పనిలేదు సార్," అన్నాడు. "ఇంత హాయిగా తిరిగే ఇంజిన్ని నేనింతవరకూ వినలేదు. చెయ్యి పెట్టి తిప్పినా ఎంత సులువుగా తిరుగుతోందో! రాపిడే లేదు."

"అది బావగారు సిలిండరు జరిపిన మహిమ," అంది ఆమె వెంటనే.

తెర మీద ఇంజిన్ గీసిన ఒత్తిడి గీత నల్లగా లేచింది. ఆమె నెల కిందట లెక్క కట్టిన గీత నీలంగా దాని మీదికి వచ్చింది. రెండూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. నల్లదేదో నీలందేదో డైరెక్టరు ముక్కు తెరకి ఆనించి వెతుక్కున్నాడు.

"పోతకి ఏ బొమ్మ పంపమంటారు?" అన్నాడు చివరికి, బావగారితో.

"నన్నడుగుతారేం? మేడమ్‌ని అడగండి."

ఆ మాట చెవిన పడేసరికి ఆమెకి మొన్నటి నుంచీ రానని మొండికేసిన ఏడుపు వచ్చేసింది. అందరి ముందూ వచ్చింది. వస్తే రానీ అనుకుంది.

*

ఇంటికొచ్చేసరికి వార్త ముందే చేరింది. చెవులాయన భార్యకి పన్ను నొప్పట, పళ్ల డాక్టరు దగ్గర కూర్చుంది. ఫోనులో మొగుడు చెప్పినదాన్ని, నోరు తెరిచి ఉండగానే డాక్టరుకి చెప్పేసింది.

"మా ఆవిడ నెగ్గిందని విన్న ఆనందంలో ఆవిడ మంచి పన్ను పీకబోయాను. తృటిలో తప్పింది," అన్నాడు చిన్నకొడుకు, బల్ల మీద పళ్లేలు సర్దుతూ.

మధ్య మెట్టు ఖాళీగా ఉంది. బావగారు తన పళ్లెం తనే పట్టుకుని దిగి వచ్చి, ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చున్నారు. పెద్దకోడలు సూపు వడ్డించింది. చిన్నకోడలికి వడ్డిస్తూ గరిటె ఒక్క క్షణం ఆపింది.

"నేనా మాట పైకి అనకపోతే నీకు తెలిసేది కాదు. అవునా?"

"కాదక్కా. నువ్వు పోట్లాడబట్టే తెలిసింది."

"అయితే ఇక మీదట నన్ను పోట్లాడొద్దని ఎవరూ అనకండి," అని నిండుగా వడ్డించింది.

అందరూ నవ్వారు. కాసేపు చెంచాల చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఇల్లు ఇల్లులా అయింది.

"అమ్మాయ్," అన్నారు బావగారు, రొట్టె తుంచుతూ. "రేపట్నుంచి పెద్ద ఇంజిన్ పని మొదలు. డైరెక్టరుతో మాట్లాడాను. దానికి ముందుగా కొయ్యడం, కాల్చి చూడడం ఏమీ ఉండవు. నువ్వు లెక్క కట్టి చెప్పింది తిన్నగా పోతకి వెళ్తుంది. పూచీ నాదని చెప్పాను."

ఆమె చేతిలో చెంచా ఆగింది. "పరీక్ష చెయ్యకుండానా?"

"నువ్వే కదా అన్నావు, ఇనుము కొయ్యకముందే చెప్తానని? చెప్పు మరి. గాలిని ఎన్నో వంతుకి నొక్కుదాం? మన ఫ్యాక్టరీలో ఇంతవరకూ పది దాటి నొక్కలేదు. ఎంత ఎక్కువ నొక్కితే అదే పెట్రోలు అంత ఎక్కువ లాగుతుందని నాకూ ఆశే. కానీ దాటితే టకటక. డైరెక్టరు భయపడుతూ భయపడుతూ పదిన్నర అన్నాడు. నువ్వేమంటావ్?"

ఆమెకి జవాబు తెలుసు. ఆ లెక్క ఎవరూ అడక్కముందే చేసింది, రెండుసార్లు సరిచూసింది కూడా. చెప్పకుండా ఊరుకుంటే ఈ పూట ఎంత బాగుంటుంది! అత్తగారు ఎదురుగా హాయిగా సూపు తాగుతోంది. పెద్దకోడలు మొహంలో ఎన్నాళ్లకో నవ్వు కనపడింది.

"పన్నెండు," అంది.

బావగారి చేతిలో రొట్టె సూపులో పడింది.

"ఎంతా?"

"పన్నెండు బావగారూ. మీరు పదిన్నర దగ్గర ఆగితే, ఆ ఇంజిన్ సగం నిద్రలోనే తిరుగుతుంది."

 బావగారి మొహం ఎర్రబడింది. కుర్చీ వెనక్కి నెట్టి, ఒక్క మాట కూడా అనకుండా లేచి మెట్ల వైపు నడిచారు.

"అయిపోయింది. మళ్లీ మొదలు," అన్నాడు చిన్నకొడుకు.

అత్తగారు ఆ వయసులో ఎలా పరిగెత్తిందో ఏమో, కొడుకు కంటే ముందే వెళ్లి మధ్య మెట్టు మీద కూలబడి, రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"పైకి వెళ్లావంటే నా మీద ఒట్టే! భోజనం మధ్యలో లేచి ఈ అలకలేవిట్రా?"

"అలకేంటమ్మా, జరుగు," అన్నారు బావగారు, ఆవిడ భుజం మీదుగా కాలు వేస్తూ. "లెక్క చూడాలి. కళ్లజోడు పైన ఉండిపోయింది."